బిజిలీ చేపిన వేళ

ఐదుగురిని అడిగితే ఐదు టైములు చెప్పారు.

మంగళవారం నాడు మొగులయ్య బిడ్డ అమలను ఆఖరుసారి ఎప్పుడు చూశారన్నది ప్రశ్న. కిరాణా కొట్టు శారదమ్మ పన్నెండున్నర అంది. ఇస్త్రీ బండాయన మూడు దాటిందన్నాడు. పంక్చర్ షాపు భాయ్ అయితే ‘శామ్ ఛే బజే’, సాయంత్రం ఆరింటికి అని గొంతు పట్టుకుని మరీ ఒట్టేశాడు. ఒంటిగంటకు ఆటోలో ఆరాంఘర్ దిక్కు పోయిందని ఒకరు, కాదు కాదు, ఐదింటికి నడుచుకుంటూ జూపార్కు దిక్కు పోయిందని ఇంకొకరు. డానియేలు అన్నీ నోటుబుక్కులో రాసుకుని టైము చూశాడు. శుక్రవారం మధ్యాహ్నం మూడూ పది. అమల కనబడక మూడు రోజులు.

డానియేలు డిటెక్టివ్ అయింది రిటైరయ్యాకే. అంతకుముందు ముప్ఫై ఏళ్లు ఆర్టీసీలో పనిచేశాడు. అందులో పద్దెనిమిదేళ్లు చెకింగ్ స్క్వాడ్. నడిరోడ్డు మీద బస్సు ఆపించి, ఎక్కి, యాభై మొహాల్లో టికెట్టు లేని మొహాన్ని పట్టుకోవడం ఆయన విద్య. అంతటి మనిషికి ఇవాళ కిషన్‌బాగ్‌లోని ఈ గల్లీ మింగుడు పడలేదు. అబద్ధమాడేవాళ్లు ముందే కూడబలుక్కుంటారు. మాటలో తేడా రానివ్వరు. వీళ్లేమో ఎవరికి తోచింది వాళ్లు చెప్పేసి, మళ్లీ మొహం చూడకుండా పనిలో పడ్డారు. ఇదెక్కడి చోద్యమో అర్థం కాలేదు.

నోటుబుక్కు మొదటి పేజీలో మొదటి వరుస ఎప్పటిలాగే కేసు వచ్చిన టైము. ‘మంగళవారం, సా. 4–22, అనూహ్య మేడం ఫోన్.’ అనూహ్య అంటే అమల పనిచేసే వెబ్ పత్రికకు ఎడిటర్. ఆ రోజు ఫోనులో ఆమె గొంతు వణికింది. తన వార్తలన్నీ తప్పని అమల పాత బ్లాగులో క్షమాపణ రాసిందట, ఫోను ఆపేసిందట, ఎటు పోయిందో తెలియదట. ఎలాగైనా వెతికి పెట్టమంది. మీరైతేనే ఆ గల్లీవాళ్లు నోరు విప్పుతారని కూడా అంది. డానియేలు మారు మాట్లాడకుండా ఒప్పుకున్నాడు. అమల కోసమంటే పిలవకున్నా వచ్చేవాడు. దానికో కథ ఉంది.

పదమూడేళ్ల కిందట అమల డిగ్రీ చదువుతూ, పొద్దున్నే ఇంటింటికీ పాలు పోసేది. ఆ తర్వాత బహదూర్‌పురాలో ఇంటర్నెట్ సెంటర్లో మూల కంప్యూటర్ ముందు కూర్చునేది. అక్కడే ‘పాలపొద్దు’ అని బ్లాగు తెరిచింది. మొదటి రోజు రాసింది నాలుగే వరుసలు. నీళ్ల ట్యాంకరు వస్తానన్న టైము ఆరు. వచ్చిన టైము పదకొండూ ఇరవై. ఎదురుచూసిన బిందెలు నూట నాలుగు. కార్పొరేటర్ ఇంటి ముందు ట్యాంకరు ఆగిన సేపు యాభై నిమిషాలు. అంతే. తిట్టు లేదు, శాపనార్థం లేదు. బర్రెల బ్లాగని నవ్వినవాళ్లు నవ్వారు. వారం తిరక్కుండా ట్యాంకరు ఆరింటికి వచ్చింది, నవ్వడం ఆగింది.

ఆ మరుసటి ఏడు ఆ పిల్ల కన్ను డానియేలు మీదే పడింది. చెకింగ్ వాళ్లు పాతబస్తీ బస్సులను రోజూ ఎనిమిది తొమ్మిది మధ్యే ఆపుతున్నారని, అడ్డా మీదికి పోయే కూలీలకు ఆ రోజు పని దొరకడం లేదని రాసింది. పదకొండు రోజుల టైములు వరసగా పెట్టింది. డానియేలు నిప్పులు తొక్కినట్టు లేచాడు. దాని పని పడదామని తన డ్యూటీ పుస్తకం తీసి పక్కన పెట్టుకుని సరిచూశాడు. పదకొండు రోజుల్లో ఒక్క నిమిషం తేడా లేదు. కోపం దిగి సిగ్గేసింది. మర్నాటి నుంచి చెకింగ్ పదింటికి మార్చాడు. అమల అదీ రాసింది. డానియేలు అనే అధికారి తప్పు దిద్దుకున్నాడు, ఇది చిన్న సంగతి కాదు అని. దాన్ని ప్రింటు తీసుకున్న కాగితం ఇప్పటికీ అతని బైబిల్లో ఉంది.

ఆ బ్లాగే అమలను పత్రికకు చేర్చింది, పత్రిక అసెంబ్లీ ప్రెస్ గ్యాలరీకి చేర్చింది. మంత్రుల ప్రెస్‌మీట్లో ఆమె చెయ్యి లేస్తే ముందు నీళ్ల గ్లాసు అందుకునే వాళ్లున్నారు. అంత పేరొచ్చినా ఇల్లు మారలేదు, రాసే తీరు మారలేదు. ఈ మధ్య మూసీ ఒడ్డున ఇళ్లు పోయినవాళ్లకు ఇచ్చే కొత్త ఇళ్ల మీద పడింది. లబ్ధిదారుల జాబితాలో నలభై ఒక్క మంది ఏ గల్లీలోనూ లేరు. వాళ్లంతా ఒక మాజీ కార్పొరేటర్ బంధువులు, డ్రైవర్లు. ఆ వార్త రావలసిన వారంలోనే ఈ క్షమాపణ వచ్చింది.

‘గంత పేరు ఒక్క పూటల బుగ్గి చేసిన్రు’ అనుకుంటూ డానియేలు మొగులయ్య కొట్టంలో అడుగుపెట్టాడు.

ఒకప్పుడు పద్నాలుగు బర్రెలు కట్టేసిన కొట్టం. ఇప్పుడు మిగిలింది ఒక్క బర్రె, దాని దూడ. పైన కర్రల అటక, దాని మీద ఎండుగడ్డి. మొగులయ్య తొట్టిలో తవుడు కలుపుతున్నాడు. బిడ్డ పోయిన ఇంట్లో ఉండవలసిన ఏడుపు ఆ మొహంలో లేదు. పోలీసు స్టేషనుకు ఎందుకు పోలేదని డానియేలు అడిగాడు. పోతే ఏమొస్తదన్నాడు. బంధువుల ఇళ్లలో అడిగావా అంటే, అడగాలె అన్నాడు. మూడు రోజుల నుంచి అడగాలనే అనుకుంటున్నాడట. అమల గురించి చెప్పమంటే మాత్రం ముసలాయన గొంతు మారింది, కలిపే చెయ్యి ఆగింది.

బ్లాగు మొదలైన నాటి నుంచి అమలకు ఒక నియమం ఉంది. రాసింది ఏదైనా సరే, సాయంత్రం బాపు పాలు పిండేటప్పుడు పక్కన కూర్చుని పైకి చదువుతుంది. మొగులయ్యకు అక్షరం ముక్క రాదు. ఆయనకు ఎక్కడ అర్థం కాకపోతే అక్కడ కొట్టేసి మళ్లీ రాస్తుంది. మొత్తం సమజైందని ఆయన అన్నాకే నెట్‌లో ఎక్కిస్తుంది.

“నాకు సమజ్ గాకుంటే ఓటేసెటోళ్లకు గూడ గాదంటది,” అన్నాడు మొగులయ్య. “పదమూడేండ్లల్ల ఒక్కటి గూడ నాకు సదవకుండ ఎక్కియ్యలే సారూ. మరి ఆ మాఫీ ముచ్చట నాకెప్పుడు సదివింది?”

అది ఒక్కటే కాదని డానియేలుకూ తెలుసు. రెండేళ్ల కిందట అమల నిజంగానే ఒక తప్పు రాసింది. ఒక అధికారి పేరు బదులు ఇంకొకరి పేరు పడింది. అప్పుడేం చేసింది? ఏ తేదీ, ఏ వరుస, ఎవరి పేరు, ఎందుకు తప్పిందో అన్నీ మొదటి పేజీలో వేసి, ఆ పెద్దమనిషి ఇంటికి నడిచి పోయి తలవంచి వచ్చింది. మంగళవారం క్షమాపణలో అవేమీ లేవు. ‘అన్నీ అబద్ధాలే, నన్ను మరిచిపోండి’ అని ఉంది. అమల చేతి నుంచి ‘అన్నీ’ అనే మాట వస్తుందంటే డానియేలు చచ్చినా నమ్మడు.

ఆ చదువు వినీ వినీ బర్రెకు కూడా అలవాటైందని మొగులయ్య నవ్వుతూ చెప్పాడు. దాని పేరు బిజిలీ. పాడికి వచ్చినప్పటి నుంచి అమల గొంతు వినకుండా పొదుగులోకి పాలు వదలదు, చేపదు. ఎన్నికల పని మీద అమల ఢిల్లీ పోయిన నాలుగు రోజులూ మొగులయ్య దూడను వదిలి చూశాడు, బెల్లం పెట్టి చూశాడు, బతిమాలాడు. గ్లాసెడు పాలు రాలేదు.

డానియేలు కొట్టమంతా తిరిగి చూశాడు. బిజిలీ పక్కన బోర్లించిన చెక్కపెట్టె, అమల కూర్చునే చోటు. మూడు రోజుల దుమ్ము ఉండాలి దాని మీద. వేలు పెట్టి గీశాడు, వేలికి ఏమీ అంటలేదు. పెట్టె మీద నాలుగు గడ్డి పోచలు మాత్రం ఉన్నాయి. అటక ఎక్కే నిచ్చెన ఎక్కడా కనబడలేదు. ఇంతలో మొగులయ్య భార్య రాజమణి పళ్లెంలో చాయ్ తెచ్చింది. ఉన్నది ముగ్గురు, తెచ్చింది నాలుగు గ్లాసులు. అతను చూస్తున్నాడని గమనించి, నాలుగో గ్లాసు మీద మూత పెట్టి పక్కకు జరిపింది.

“ఆ చాయ్ నాకేనా అక్కా?”

గుమ్మంలో బాలరాజ్ నిలబడి ఉన్నాడు. ఒకప్పుడు టాస్క్‌ఫోర్స్ ఎస్సై, ఇప్పుడు సొంత డిటెక్టివ్ ఏజెన్సీ, ఎక్కడికి పోయినా వెంట ఇద్దరు మనుషులు. మాజీ కార్పొరేటర్ తరఫున పనిచేస్తున్నానని దాచుకోడు. డానియేలు అంటే మొదటి నుంచీ చిన్నచూపు. వట్టి పేరుతో పిలవడు, ముందు ‘టికెట్’ తగిలిస్తాడు.

గ్లాసు కోసం చెయ్యి చాపితే రాజమణి పళ్లెం వెనక్కి లాగేసుకుంది. ఎంగిలైంది, ఈగ పడ్డదని గొణిగి లోపలికి పోయింది. బాలరాజ్ నవ్వి వదిలేశాడు. డానియేలు వదల్లేదు, మనసులో వేసుకున్నాడు.

“టికెట్ డానియేలూ, నీ తకలీఫ్ తీర్చనీకే వచ్చిన,” అన్నాడు బాలరాజ్. “కేసు ఖతం. ఇంటికి పోయి పండుకో.”

అతని చేతిలో ఒక గుడ్డ సంచి, ఒక కాగితం ఉన్నాయి. సంచి ఆరాంఘర్ బస్‌స్టాపులో దొరికిందన్నాడు. అమలదే. అందులో ఆమె ప్రెస్ కార్డు, ఆధార్ కార్డు, రెండు పెన్నులు ఉన్నాయని ఒక్కొక్కటే తీసి పెట్టె మీద పరిచాడు. సంచి అడుగున బస్సు టికెట్టు. మంగళవారం సాయంత్రం ఐదూ ముప్ఫై ఐదు, ఆరాంఘర్ నుంచి మహబూబ్‌నగర్, ఎక్స్‌ప్రెస్. కాగితం మీద బ్లాగు ప్రింటు. నాలుగూ నలభైకి క్షమాపణ ఎక్కించింది, ఐదూ ముప్ఫై ఐదుకు బస్సెక్కింది, మొహం చెల్లక ఊరు వదిలింది. ఇంక వెతకడానికి ఏముందన్నాడు.

మొగులయ్య బిడ్డ సంచిని చూసి బిత్తరపోయాడు. డానియేలు టికెట్టు అందుకుని కళ్లద్దాలు సవరించుకున్నాడు. పద్దెనిమిదేళ్లలో అలాంటివి ఎన్ని లక్షలు చూశాడో అతనికే తెలియదు. చూస్తూ చూస్తూ ఉండగానే మొహంలో నవ్వు మొదలైంది.

“బాలరాజన్నా, నువ్వు బస్సెక్కి ఎన్నేండ్లయింది?”

బాలరాజ్ కనుబొమ్మ లేచింది.

“టికెట్టు మీద చార్జీ పడ్డది,” అన్నాడు డానియేలు. “ఆడోళ్లకు ఎక్స్‌ప్రెస్సుల చార్జీ ఎక్కడిది? ఆధార్ చూపిస్తే కండక్టర్ జీరో టికెట్టు కొడ్తడు. ఆ ఆధార్ గీ సంచిలనే ఉన్నదని ఇప్పుడే నువ్వు తీసి చూపెడితివి. దీన్ని కొన్నది మొగోడు.”

బాలరాజ్ వెంట వచ్చిన ఇద్దరిలో ఒకడు నేల చూపులు చూశాడు. డానియేలు ఆ చూపును కూడా పట్టుకున్నాడు. టికెట్టు లేనివాడు సరిగ్గా అలాగే చూస్తాడు. ఉచిత బస్సు మొదలైన రోజున తెల్లవారుజామున మొదటి బస్సెక్కి, రోజంతా తిరిగి, దాని మీద వార్త రాసింది అమలేనని గుర్తు చేశాడు. అలాంటి పిల్ల ఆధార్ పెట్టుకుని చార్జీ కడుతుందా అని అడిగాడు. బస్సులో కొట్టిన టికెట్టున్న సంచి స్టాపులో ఎట్లా దొరికిందో మళ్లీ ఒకసారి చెప్పమన్నాడు. బాలరాజ్ టికెట్టు లాక్కుందామని చెయ్యి చాపితే డానియేలు దాన్ని అప్పటికే నోటుబుక్కులో పెట్టేశాడు.

“సరే, బస్సెక్కలేదు,” అన్నాడు బాలరాజ్ మెల్లగా. “అంటే ఈడనే ఉన్నది. ఈ గల్లీ ఎంత, నేనెంత?”

అలా అని బయటికి నడిచాడు. గల్లీ మొదట్లో బండ్లు ఆగిన చప్పుడైంది గాని, పోయిన చప్పుడు కాలేదు.

నాలుగైంది. పాల కోసం గల్లీవాళ్లు గిన్నెలు, చెంబులు పట్టుకుని వాకిట్లో చేరారు. శారదమ్మ వచ్చింది. ఇస్త్రీ బండాయన వచ్చాడు. ఆరింటి ఒట్టు వేసిన పంక్చర్ భాయ్ కూడా స్టీలు డబ్బాతో వచ్చాడు. లెక్కేస్తే పన్నెండు మంది. వాళ్లను చూస్తుంటే డానియేలుకు ఏదో తట్టింది. బాలరాజ్‌ను ఓడించిన సంతోషంలో మొగులయ్య బకెట్ కడుగుతూ ఏదో కూనిరాగం తీస్తున్నాడు. డానియేలు ఊరికే అడిగినట్టు అడిగాడు.

“మొగులన్నా, బిజిలీ ఈ మూడు రోజులు పాలెట్లిస్తున్నది?”

“పూటకు ఆరు లీటర్లు. గ్లాసు గూడ తక్కువ గాలే,” అన్నాడు మొగులయ్య ఛాతీ విరుచుకుని. “మా కొట్టంల పాలు తగ్గుడనేదే లేదు సారూ.”

గిన్నెలు తుడుస్తున్న రాజమణి చెయ్యి ఆగిపోయింది. వాకిట్లో గుసగుసలు ఆగిపోయాయి. ఏం నోరు జారాడో అందరికీ తెలిసింది, ఒక్క మొగులయ్యకు తప్ప. పాడి మీద బతికినవాడు ఏ అబద్ధమైనా ఆడతాడు. తన బర్రె పాలు తగ్గాయని మాత్రం తమాషాకు కూడా అనడు. నోటితో అంటే నిజంగానే పాడి పోతుందని భయం. తాత నేర్పిన భయం అది, బిడ్డ ప్రాణం మీదికి వచ్చినా పోలేదు.

డానియేలు ఆయన పక్కకు జరిగి గొంతు తగ్గించాడు. గొంతు వినకుంటే బిజిలీ చేపదన్నావు, ఢిల్లీ పోతే గ్లాసు రాలేదన్నావు, మరి మూడు రోజులుగా దానికి ఎవరు చదువుతున్నారని అడిగాడు. మొగులయ్య చేతిలో బకెట్ జారి నేల మీద దొర్లింది. డానియేలు అటక వైపు చూసి, మర్యాదగా అన్నాడు.

“అమలా, నేను డానియేలును. చెకింగ్ డానియేలును. చాయ్ చల్లారిపోతున్నది, దిగిరా తల్లీ.”

అటక మీద ఎండుగడ్డి కదిలింది. గడ్డి వెనక నుంచి నిచ్చెన కిందికి జారింది. ముప్ఫై నాలుగేళ్ల అమల, జుట్టు నిండా గడ్డితో, చంకలో కాగితాల కట్టతో దిగి వచ్చి నమస్తే సార్ అంది. ఆమెను చూసి డానియేలుకు కళ్లు చెమర్చాయి. వాకిట్లో పన్నెండు మందీ ఏమీ చూడనట్టు గల్లీ వైపు తిరిగి నిలబడ్డారు. అప్పుడు అర్థమైంది అతనికి ఐదు టైముల సంగతి. గల్లీ మొత్తం అబద్ధమాడింది. అలవాటు లేక, అమల కోసం, ఎవరికి చేతనైనట్టు వాళ్లు ఆడారు.

బిజిలీ అప్పటికే ఇటు తిరిగి చెవులు రిక్కించింది. మొగులయ్య దొర్లిన బకెట్ తెచ్చుకుని పొదుగు కడిగాడు. అమల చెక్కపెట్టె మీది సామాను జరిపి ఓ చివర కూర్చుని, తండ్రి పిండటం మొదలుపెడితే గొంతు తగ్గించి జరిగింది చెప్పింది. బర్రెకు కావలసింది ఆ గొంతే, వార్త అయినా ముచ్చటైనా దానికి ఒకటే. పాలు బకెట్లోకి సర్రుసర్రున పడసాగాయి.

మంగళవారం మధ్యాహ్నం రెండింటికి, జాబితా ఇచ్చిన మనిషిని ఆమె రెండోసారి కలవాలి. కలిసే చోటుకు పోతే అక్కడ మాజీ కార్పొరేటర్ మనుషులు రెండు బండ్ల మీద కాపు కాస్తున్నారు. ఆమె పరుగెత్తింది. సంచి వాళ్ల చేతికి చిక్కింది, ఆమె చిక్కలేదు. ఫోను ఆపేసి వెనక గల్లీల్లోంచి ఇల్లు చేరింది. అసలు జాబితా ఆమె దగ్గరే ఉంది. వాళ్లకు కావలసింది అది, దాన్ని ఇచ్చిన మనిషి పేరు. పోలీసుల దగ్గరికి పోతే మొదటి ప్రశ్న ఆ పేరే. అందుకే పోలేదట.

ఆ పేరు డానియేలు అడగలేదు. అడిగినా చెప్పదని తెలుసు, చెప్పకపోవడమే అమల అనీ తెలుసు. ఆ చోటు, ఆ టైము ఇంకెవరికి తెలుసని మాత్రం అడిగాడు.

అమల కాగితాల అంచులు సరిచేసుకుంది. అనూహ్యక్కకు చెప్పానంది. ఆమెకు ఒక్కదానికే. పాత బ్లాగంతా పుస్తకం వేద్దామని రెండు నెలల కిందట పాస్‌వర్డు ఇచ్చింది కూడా ఆమెకే.

“అయినా ఆమె మీద నేనేమన, సార్. నాకు తొలి ఉద్యోగం ఇచ్చింది. ఒక్క సాక్ష్యం సాక్ష్యం గాదు. రెండోది దొరకందే నేను ఎవలి పేరు తియ్య.”

అందరూ ఆమె పేరు బురదలో వేసి తొక్కుతుంటే, గడ్డిలో దాక్కుని కూడా ఈ పిల్ల ఇంకొకరి పేరు కాపాడుతోంది. ఏం మనిషి తల్లీ అనుకున్నాడు డానియేలు. అనుకుంటూనే ఎందుకో నోటుబుక్కు తీశాడు. బాలరాజ్ వదిలిపోయిన ప్రింటు పెట్టె మీదే ఉంది. దాని పక్కన నోటుబుక్కు మొదటి పేజీ పెట్టాడు.

బ్లాగులో క్షమాపణ ఎక్కిన టైము 4–40. ఆ క్షమాపణ చదివి భయపడి అనూహ్య తనకు ఫోన్ చేసిన టైము 4–22.

పద్దెనిమిది నిమిషాలు. ఇంకా ఎక్కని క్షమాపణను ఆమె ఎక్కడ చదివింది? రాసినవాళ్లకు తప్ప ఎవరికి తెలుస్తుంది? ఎక్కిందనుకుని తొందరపడి ఫోన్ చేసింది. గల్లీవాళ్లు బాలరాజ్ మనుషులకు నోరు విప్పరు, డానియేలుకైతే విప్పుతారని అతన్ని వెతకడానికి తోలింది. మూడు రోజులుగా ఆ వరుస తన జేబులోనే ఉంది. అతనికి చెంపలు వాయించుకోవాలనిపించింది.

“నన్ను చెకింగుకు తోలినామె టికెట్టే నేనడగలేదు తల్లీ,” అన్నాడు. “గిదిగో నీ రెండో సాక్ష్యం.”

అమల రెండు కాగితాలూ చూసింది. కన్నీళ్లు రాలేదు గాని, పెదవులు తెల్లబడ్డాయి. సరిగ్గా అప్పుడే డానియేలు ఫోను మోగింది. అనూహ్య.

ఎత్తకపోతే అనుమానం. ఎత్తాడు. ఎక్కడున్నారు, దొరికిందా అని అడిగింది. లేదు మేడం, ఇంకా గల్లీలో విచారిస్తున్నానన్నాడు. వెనక బకెట్లో పాలు పడుతూనే ఉన్నాయి.

“డానియేలు గారూ, ఆ చప్పుడేమిటి? పాలు పిండుతున్నారా?”

అతను జవాబు చెప్పేలోపే ఆమె మళ్లీ అంది, ఈసారి గొంతులో వణుకు లేదు. “ఆ బ్లాగు నాలుగుసార్లు చదివానండీ, పుస్తకం కోసం. ఆ కొట్టంలో ఉన్నది ఒక్క బర్రె. అయితే బిజిలీ చేపిందన్నమాట. అక్కడే ఉండండి. బహదూర్‌పురా దాటాను. బాలరాజ్ గారు గల్లీ మొదట్లోనే ఉన్నారు.”

ఫోను ఆగిపోయింది. డానియేలు గడియారం చూశాడు. అక్కడి నుంచి ఇక్కడికి ఆరు నిమిషాలు. వెనక గోడ దూకి పొమ్మన్నాడు. అమల కదల్లేదు. పోతే జాబితా ఇచ్చిన మనిషి గతేమిటంది. ఈ వార్త లోకానికి తెలిస్తేనే వాళ్లు ఆ మనిషి మీద చెయ్యి వెయ్యలేరు, తెలియకపోతే ఎప్పటికైనా పట్టుకుంటారంది.

“మీ ఫోన్ ఇయ్యండ్రి సార్. పాత బ్లాగు పాస్‌వర్డు మార్చేసి ఉంటరు. కొత్తది తెరుస్త. పదమూడేండ్ల కింద సెంటర్ల నాకు నాలుగు నిమిషాలే పట్టింది, అది గూడ నెట్టు సక్కగ లేక.”

వేళ్లు చకచకా కదిలాయి. జాబితా మూడు పేజీలు, ఆమె మూడు రోజులు అటక మీద చేత్తో రాసిన వార్త ఏడు పేజీలు. ఆమె చెప్పినట్టే డానియేలు ఒక్కొక్కటే పెట్టె మీద పరిచి ఫొటోలు తీశాడు. రెండు నిమిషాలు పోయాయి. తొమ్మిది పేజీలు అయ్యాక పదో పేజీని అమల చేతిలోకి తీసుకుంది.

“ఇది బాపుకు ఇంకా సదవలే.”

డానియేలుకు నెత్తి కొట్టుకోవాలనిపించింది. పీకల మీదికి వచ్చింది, ఇప్పుడా చదువు అనబోయాడు. అనలేకపోయాడు. ఆ నియమం లేకపోతే ఈ అమల లేదు, ఆ పదకొండు రోజుల టైములూ లేవు. నోరు మూసుకుని గడియారం పట్టుకుని నిలబడ్డాడు. అమల చదివింది. తొందరపడలేదు, ఒక్క మాట మింగలేదు. నలభై ఒక్క ఇళ్లు ఎవరికి రావాలో ఆ పేర్లు ఒక్కొక్కటే చదివింది. మొగులయ్య తల బర్రె డొక్కకు ఆనించి, కళ్లు మూసుకుని, పిండుతూనే విన్నాడు.

“ఆఖరు లైను ఇంకోపారి సదువు,” అన్నాడు.

గల్లీ మొదట్లో కారు హారన్ మోగింది. డానియేలు లెక్క ప్రకారం ఇంకా ఒకటిన్నర నిమిషం ఉండాలి. బాలరాజ్ గొంతు వినిపించింది, తప్పుకోండని అరుస్తున్నాడు. గుమ్మం లోంచి చూస్తే శారదమ్మ, ఇస్త్రీ బండాయన, పంక్చర్ భాయ్, పన్నెండు మందీ గిన్నెలు పట్టుకుని గల్లీకి అడ్డంగా నిలబడి ఉన్నారు. పాలింకా పిండలేదని, వంతు తప్పితే ఊరుకోమని శారదమ్మ గట్టిగా తగువు పెట్టుకుంటోంది. హారన్ మళ్లీ మోగింది. ఎవరో తోశారు, ఒక చెంబు కిందపడి దొర్లింది. ఒక్కరూ పక్కకు జరగలేదు.

అమల ఆఖరు వరుస రెండోసారి చదివి, ఆ పేజీకీ ఫొటో తీసి, ఫోను మీద వేలు ఉంచి, తండ్రి వైపు చూసింది.

మొగులయ్య కళ్లు తెరవలేదు. చేతులు ఆపలేదు. చేపిన బర్రెను మధ్యలో వదలడం ఆ ఇంట్లో లేదు.

“సమజైంది బిడ్డా,” అన్నాడు. “ఎక్కియ్యి.”